భుజానికి కుదురు

తెలుగువారి పలుకుబడిలో భుజానికి ఒక ప్రత్యేక స్థానం ఉంది. బాధ్యతను స్వీకరించడాన్ని ‘భుజాన వేసుకోవడం’ అంటారు. మంచి పని చేసినవారిని ప్రోత్సహించడాన్ని ‘భుజం తట్టడం’ అంటారు. తప్పు చేసినవాడు తనంతట తానే బయటపడితే ‘గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్లు’ అని సామెత చెబుతారు. భాషలో ఇంత చోటు సంపాదించుకున్న ఈ అవయవాన్ని నిత్యజీవితంలో మాత్రం మనిషి తగినంతగా పట్టించుకోడు. కాలు బెణికితే కుంటుతూ నడవక తప్పదు కనుక ఇంటిల్లిపాదికీ తెలిసిపోతుంది. పంటి నొప్పి నిద్రపోనివ్వదు కనుక వైద్యుని వద్దకు నడిపిస్తుంది. భుజంలోని మృదులాస్థికి గాయమైతే పైకి వాపు కనిపించకపోవచ్చు. చేయి ఎప్పటిలాగే పని చేస్తున్నట్లు తోచవచ్చు. లోపల మాత్రం కీలు క్రమంగా పట్టు తప్పుతూ ఉంటుంది. చాలా సందర్భాలలో గాయం కంటె దానిని గుర్తించడంలో జరిగిన ఆలస్యమే ఎక్కువ నష్టం కలిగిస్తుంది. కనుక ఈ గాయం స్వభావాన్ని, లక్షణాలను, చికిత్సా విధానాన్ని తెలుసుకోవడం అందరికీ, ముఖ్యంగా ఆటలాడే యువతకు అవసరం.

భుజం నిర్మాణం

మానవ శరీరంలోని కీళ్లన్నింటిలోనూ అధిక స్వేచ్ఛతో కదిలేది భుజపు కీలు. మోచేయి ప్రధానంగా తలుపు బందు వలె ఒకే దిశలో ముడుచుకొని తెరచుకొంటుంది. భుజం ముందుకు, వెనుకకు, పైకి, ప్రక్కకు కదలడమే గాక వలయాకారంగా కూడా తిరుగుతుంది. రైతు ఒడిసెల తిప్పి పిట్టలను తోలినా, గృహిణి అటకమీది గిన్నెను అందుకొన్నా, బౌలరు బంతిని విసిరినా ఆ స్వేచ్ఛే కారణం.

ఈ కీలు బంతిగిన్నె కీళ్ల తరగతికి చెందినది. భుజాస్థి పైకొన బంతి వలె గుండ్రంగా ఉంటుంది. అంసఫలకం అనే రెక్క ఎముక ప్రక్క భాగంలో ఒక గుంట ఉంటుంది. తుంటి కీలులోని గిన్నె లోతైనది కావడం వల్ల తొడ ఎముక తల అందులో చాలావరకు ఇమిడిపోతుంది. భుజంలోని గిన్నె లోతు చాలా తక్కువ. అది గిన్నె అనడం కంటె పళ్లెం అనడమే సమంజసం. దాని వైశాల్యం బంతి ఉపరితలంలో సుమారు మూడవ వంతు మాత్రమే. భుజానికి లభించిన స్వేచ్ఛకు ప్రకృతి వసూలు చేసిన మూల్యం ఈ లోతులేనితనం. ఎక్కువ కదిలే కీలుకు జారిపోయే ప్రమాదం కూడా ఎక్కువే.

అడుగు గుండ్రంగా ఉన్న కుండను నేలమీద పెడితే అది ఒక ప్రక్కకు ఒరుగుతుంది. అందుకే పూర్వం పల్లెలలో ఎండుగడ్డిని గాని, పాత గుడ్డను గాని వలయంగా చుట్టి కుండ క్రింద పెట్టేవారు. దానిని చుట్టకుదురు అనేవారు. భుజపు కీలులో ప్రకృతి ఇటువంటి ఏర్పాటే చేసింది. ఎముక గిన్నె అంచు చుట్టూ తంతువులతో కూడిన దృఢమైన మృదులాస్థి ఒక వలయంగా అమరి ఉంటుంది. వైద్యులు దీనిని లేబ్రమ్ అంటారు. లాటిన్ భాషలో ఈ మాటకు పెదవి అని అర్థం. ఈ వలయం గిన్నె లోతును సుమారు సగం మేర పెంచుతుంది. కీలును బిగించి ఉంచే బంధకాలు దీనిని ఆధారం చేసుకొనే గిన్నెకు అతుక్కొని ఉంటాయి. జబ్బ ముందరి కండరానికి చెందిన పొడవైన తాడు కూడా వలయం పైభాగంలోనే మొదలవుతుంది. కాబట్టి లేబ్రమ్ చిరిగితే గిన్నె అంచు మాత్రమే దెబ్బతిన్నట్లు భావించరాదు. దానిని ఆశ్రయించిన బంధకాలు కూడా సడలిపోతాయి.

భుజంలో మరొక రకమైన మృదులాస్థి కూడా ఉంది. బంతి మీద, గిన్నె లోపల తెల్లగా, నునుపుగా ఒక పొర పరచుకొని ఉంటుంది. రెండు ఎముకలు ఒరుసుకోకుండా జారడానికి ఈ పొర తోడ్పడుతుంది. దీనిలో రక్తనాళాలు గాని నాడులు గాని లేవు. కీలులోని ద్రవం నుండే ఇది పోషణ పొందుతుంది. చర్మం తెగితే రక్తప్రసరణ వల్ల గాయం మానుతుంది. ఎముక విరిగినా కొన్ని వారాలలో అతుక్కొంటుంది. రక్తం అందని ఈ నునుపైన పొర దెబ్బతింటే తిరిగి యథాస్థితికి రావడం కష్టం. లేబ్రమ్ వెలుపలి అంచుకు కొంత రక్తం అందుతుంది గాని లోపలి అంచుకు అంతగా అందదు. మృదులాస్థి గాయాలు మొండివి కావడానికి మూలకారణం ఇదే.

గాయం కలిగే తీరు

లేబ్రమ్ రెండు విధాలుగా చిరుగుతుంది. మొదటిది ఒక్కసారిగా జరిగే ప్రమాదం. ద్విచక్రవాహనం మీద నుండి పడిపోతూ చేయి చాచి నేలకు ఆనించడం, కబడ్డీలో ప్రత్యర్థులు చేయి పట్టి లాగడం, కదులుతున్న బస్సు కమ్మీని పట్టుకొని వేలాడుతుండగా ఒక్క కుదుపుతో చేయి సాగడం ఇందుకు ఉదాహరణలు. రెండవది అదే కదలికను వేలసార్లు చేయడం వల్ల కలిగే అరుగుదల. ఫాస్ట్ బౌలర్లు, జావెలిన్ విసిరేవారు, ఈతగాళ్లు, వాలీబాల్‌లో స్మాష్ చేసేవారు చేతిని తలకంటె ఎత్తుకు లేపి బలంగా విసురుతారు. ప్రతి విసురుకు వలయం పైభాగం కొద్దికొద్దిగా లాగబడుతుంది. గోడలకు రంగులు వేసేవారికి, బస్తాలు మోసే హమాలీలకు కూడా భుజం మీద భారం ఎక్కువే.

చిరుగు ఏర్పడిన స్థానాన్ని బట్టి వైద్యులు దానికి వేరువేరు పేర్లు పెట్టారు. భుజం జారినప్పుడు వందకు సుమారు తొంభై అయిదు సందర్భాలలో బంతి ముందువైపుకే జారుతుంది. అప్పుడు గిన్నె ముందరి క్రింది అంచులోని వలయం ఊడివస్తుంది. మాటిమాటికీ భుజం జారడానికి ఈ చిరుగే ప్రధాన కారణమని ఆంగ్ల శస్త్రవైద్యుడు బ్లండెల్ బ్యాంకార్ట్ 1923లో ప్రతిపాదించాడు. ఆయన పేరుమీదనే దానిని బ్యాంకార్ట్ గాయం అంటున్నారు. వలయం పైభాగంలో, కండరపు తాడు మొదలయ్యే చోట ఏర్పడే చిరుగును విసిరే క్రీడాకారులలో గమనించి జేమ్స్ ఆండ్రూస్ బృందం 1985లో వెల్లడించింది. 1990లో స్టీఫెన్ స్నైడర్ బృందం ఈ గాయాలను వర్గీకరించి స్లాప్ అని పేరు పెట్టింది. మూడవ రకం చిరుగు గిన్నె వెనుక భాగంలో కలుగుతుంది. జిమ్‌లో వెల్లకిల పడుకొని శక్తికి మించిన బరువును పైకి నెట్టేవారిలో ఇది కనిపిస్తుంది. మూర్ఛ వచ్చినప్పుడు, విద్యుదాఘాతం తగిలినప్పుడు కండరాలు తీవ్రంగా బిగుసుకోవడం వల్ల కూడా భుజం వెనుకకు జారవచ్చు.

లక్షణాలు

ఈ గాయం తగిలినవారు తమ నొప్పి ఎక్కడ ఉన్నదో వేలితో చూపలేరు. అరచేతితో భుజాన్ని చుట్టి పట్టుకొని ‘లోపల ఎక్కడో’ అని చెబుతారు. చేతిని తలపైకి లేపినప్పుడు, వీపు వెనుకకు తిప్పినప్పుడు, బంతి విసిరినప్పుడు నొప్పి తీవ్రమవుతుంది. కీలులో ‘టక్కు’మనే శబ్దంతో పాటు నొప్పి వస్తుంది. ఒక్కొక్కసారి ఏదో అడ్డుపడినట్లు కీలు పట్టేస్తుంది. విసిరే చేతిలో వేగం, పట్టు తగ్గుతాయి. గాయపడిన వైపు తిరిగి పడుకోవడం కష్టమవుతుంది.

అన్నింటికంటె ముఖ్యమైన లక్షణం భయం. చేతిని ప్రక్కకు చాచి, మోచేయి మడచి, అరచేతిని వెనుకకు త్రిప్పినప్పుడు భుజం జారిపోతుందేమోనన్న అనుమానం కలుగుతుంది. ఈ భంగిమలో రోగి ముఖంలో కనిపించే ఆందోళననే వైద్యులు ఒక పరీక్షగా స్వీకరిస్తారు. నొప్పి లేకపోయినా ఈ అనుమానం తరచు కలుగుతుంటే ముందరి వలయం దెబ్బతిని ఉండవచ్చునని గ్రహించాలి. అయితే నొప్పి లేకుండా కేవలం శబ్దం మాత్రమే వస్తుంటే భయపడనవసరం లేదు. ఆరోగ్యవంతుల కీళ్లు కూడా అప్పుడప్పుడు చప్పుడు చేస్తాయి.

భుజంలో కలిగే ప్రతి నొప్పీ మృదులాస్థికి సంబంధించినది కాదు. నలభై ఏళ్లు దాటినవారిలో, ముఖ్యంగా మధుమేహం ఉన్నవారిలో కీలు పొర గట్టిపడి చేయి ఏ వైపుకూ సరిగా లేవకుండా పోతుంది. దీనిని ఫ్రోజెన్ షోల్డర్ అంటారు. వయసు మీరినవారిలో కీలు చుట్టూ ఉన్న కండరాల తాళ్లు అరిగి చిరుగుతాయి. మెడలోని నాడి నొక్కుకుపోతే నొప్పి, తిమ్మిరి చేతివ్రేళ్ల దాకా ప్రాకుతాయి. భుజంలోనో చేతిలోనో నొప్పితో పాటు ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం కలిగితే అది గుండెపోటు కావచ్చు. అటువంటి సమయంలో క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తరలించాలి. లక్షణాల మధ్య ఈ తేడాలను గుర్తించి వ్యాధిని నిర్ణయించవలసినవాడు వైద్యుడే. సామాన్యులు తెలుసుకోవలసినది వైద్యుని వద్దకు ఎప్పుడు వెళ్లాలన్నదే.

ప్రథమ చికిత్స

భుజం జారినట్లు ఆకారంలోనే తెలిసిపోతుంది. గుండ్రంగా ఉండవలసిన భుజం పలకగా కనిపిస్తుంది. గాయపడినవారు చేతిని కదల్చలేక రెండవ చేతితో పట్టుకొని కూర్చుంటారు. అప్పుడు చుట్టూ చేరినవారిలో ఎవరో ఒకరు చేయి పట్టి లాగి సరిచేయబోతారు. ఇది మిక్కిలి ప్రమాదకరం. ఎముక విరిగి ఉంటే ఆ లాగుడుతో విరుగు పెద్దదవుతుంది. చంక గుండా పోయే నాడికి, రక్తనాళాలకు దెబ్బ తగలవచ్చు. మిగిలి ఉన్న వలయం కూడా చిరిగిపోవచ్చు.

చేయి ఏ స్థితిలో ఉంటే నొప్పి తక్కువగా ఉందో ఆ స్థితిలోనే ఉంచి, కండువాతో గాని తుండుగుడ్డతో గాని మెడకు వేలాడగట్టాలి. గుడ్డలో చుట్టిన మంచును పదిహేను ఇరవై నిమిషాల సేపు ఉంచవచ్చు. మంచును నేరుగా చర్మంపై పెట్టరాదు. తైలాలతో మర్దన చేయరాదు. భుజం వెలుపలి వైపు స్పర్శ తెలియకపోయినా, చేతివ్రేళ్లు చల్లబడి పాలిపోయినా పరిస్థితి తీవ్రమైనదని భావించి మరింత త్వరగా ఆసుపత్రికి చేర్చాలి. అక్కడ వీలైనంతవరకు ముందుగా ఎక్స్‌రే తీసి, నొప్పి తెలియకుండా మందు ఇచ్చి, కీలును నెమ్మదిగా స్వస్థానానికి చేరుస్తారు.

జారిన కీలును సరిచేసే విద్య భారతదేశానికి కొత్తది కాదు. సుశ్రుత సంహితలో ఎముకలు విరగడాన్ని, కీళ్లు తప్పడాన్ని వేరువేరుగా వర్ణించారు. కీలు తప్పడంలో ఆరు విధాలు చెప్పారు. భుజం తప్పినప్పుడు చంక క్రింద రోకలిని ఆనించి కీలును పైకెత్తాలని, అది స్వస్థానంలో నిలిచిన పిమ్మట స్వస్తికాకారంలో కట్టు కట్టాలని అందులో ఉంది. ఎక్స్‌రే లేని కాలంలో చేతి స్పర్శ ఒక్కటే ఆధారంగా వారు సాధించిన నైపుణ్యం గౌరవింపదగినది. తెలుగునాట విరిగిన ఎముకలకు కట్టు కట్టడంలో తిరుపతికి సమీపంలోని పుత్తూరు పేరు దూరప్రాంతాల వారికి కూడా సుపరిచితం. అయితే ఎంత నేర్పుగల చేతికైనా ఎముక మాత్రమే తెలుస్తుంది. ఎముక గిన్నె అంచున లోలోపల చిరిగిన మెత్తని వలయం తెలియదు. కీలు స్వస్థానానికి చేరింది కనుక గాయం మానిందనుకోవడం వల్లనే చాలామంది రెండవసారి, మూడవసారి భుజం జారిన తరువాత గాని వైద్యుని చేరరు.

పరీక్షలు

వైద్యుడు మొదట రోగి చెప్పేది వింటాడు. గాయం ఎలా తగిలింది, ఏ కదలికలో నొప్పి వస్తోంది, ఇంతకుముందు భుజం జారిందా అనే ప్రశ్నలకు లభించే సమాధానాలే సగం రోగనిర్ణయం చేస్తాయి. ఆ తరువాత చేతిని వివిధ భంగిమలలో కదిపి పరీక్షిస్తాడు. ఎక్స్‌రేలో ఎముకలు కనిపిస్తాయి గాని మృదులాస్థి కనిపించదు. ‘ఎక్స్‌రే బాగుంది, ఏమీ లేదు’ అని సరిపెట్టుకోవడం పొరపాటయ్యేది ఇక్కడే. మెత్తని కణజాలాన్ని చూపగలిగేది ఎమ్మారై పరీక్ష. అవసరమైతే కీలులోకి ఒక రకమైన ద్రావణాన్ని ఎక్కించి ఈ పరీక్ష చేస్తారు. ఆ ద్రావణం చిరుగులోకి ప్రవేశించడం వల్ల చిన్న చిరుగు కూడా స్పష్టంగా తెలుస్తుంది.

చిత్రంలో చిరుగు కనిపించినంత మాత్రాన అదే నొప్పికి కారణమని నిర్ణయించరాదు. ఏ బాధా లేని నడివయస్కులకు ఎమ్మారై తీసినా వారిలో చాలామందికి వలయం పైభాగంలో చిరుగు కనిపిస్తుందని పరిశోధనలు తెలిపాయి. వయసుతో జుట్టు నెరసినట్లే వలయం కూడా అంచులలో అరుగుతుంది. కనుక వివేకవంతుడైన వైద్యుడు రోగి చెప్పినదానిని, తన పరీక్షలో తేలినదానిని, చిత్రాన్ని కలిపి చూసి నిర్ణయానికి వస్తాడు.

చికిత్స

లేబ్రమ్ చిరిగిన వారందరికీ శస్త్రచికిత్స అవసరం లేదు. ముఖ్యంగా వలయం పైభాగపు చిరుగులకు మొదట విశ్రాంతి, వ్యాయామ చికిత్స సూచిస్తారు. బాధ కలిగించే కదలికలను కొంతకాలం మానాలి. నొప్పి తగ్గించే మందులను వైద్యుని సలహాపై కొద్ది రోజులే వాడాలి. మందు వేసుకొని నొప్పిని అణచి మరల ఆటకు దిగడం గాయాన్ని పెంచుకోవడమే అవుతుంది.

వ్యాయామ చికిత్స వెనుక ఒక చక్కని ఆలోచన ఉంది. భుజపు బంతిని గిన్నెలో నిలిపేది వలయం ఒక్కటే కాదు. రెక్క ఎముక నుండి బయలుదేరిన నాలుగు చిన్న కండరాలు బంతిని నాలుగు వైపుల నుండి పట్టి గిన్నెకు అదిమి ఉంచుతాయి. వీటిని బలపరిస్తే చిరిగిన వలయం మోయలేని భారాన్ని అవి కొంతవరకు మోస్తాయి. రెక్క ఎముకను వీపునకు కుదురుగా నిలిపే కండరాలను కూడా బలపరచాలి. మొదట బిగుసుకొన్న కీలును వదులు చేయడం, తరువాత రబ్బరు పట్టీలతో బలం పెంచడం, చివరకు ఆటకు తగిన కదలికలను నెమ్మదిగా అలవాటు చేయడం ఇందులోని దశలు. ఇది కొన్ని నెలలు పట్టే పని. పది రోజులు చేసి ఫలితం లేదని మానివేసేవారే ఎక్కువ.

భుజం మాటిమాటికీ జారుతున్నప్పుడు, నెలల తరబడి వ్యాయామం చేసినా బాధ తగ్గనప్పుడు శస్త్రచికిత్స గురించి ఆలోచిస్తారు. వయసుకు ఇందులో ప్రాధాన్యం ఉంది. ఇరవై ఏళ్లలోపు వయసులో మొదటిసారి భుజం జారినవారిలో చాలామందికి అది మళ్లీ జారుతుంది. వయసు పెరిగినకొద్దీ ఆ అవకాశం తగ్గుతుంది. జారిన ప్రతిసారీ గిన్నె అంచులోని ఎముక కొంత అరుగుతుంది. బంతి వెనుక భాగంలో సొట్ట పడుతుంది. నునుపైన పొర గీసుకుపోతుంది. అందుకే కబడ్డీ, రగ్బీ వంటి ఆటలాడే యువకులకు మొదటిసారి జారినప్పుడే శస్త్రచికిత్స మేలని కొందరికి వైద్యులు సూచిస్తారు.

నేడు ఈ శస్త్రచికిత్సను ఎక్కువగా ఆర్త్రోస్కోపు సాయంతో చేస్తున్నారు. ఇది చిన్న కెమెరా అమర్చిన సన్నని గొట్టం. చర్మానికి రెండు మూడు చిన్న రంధ్రాలు చేసి, ఒకదానిగుండా దీనిని కీలులోకి పంపి లోపలి దృశ్యాన్ని తెరపై చూస్తారు. మరొకదాని గుండా పరికరాలను పంపుతారు. గిన్నె అంచున సన్నని మేకుల వంటి వాటిని బిగించి, వాటికున్న దారాలతో ఊడిన వలయాన్ని తిరిగి ఎముకకు కుడతారు. ఎముక ఎక్కువగా అరిగిపోతే వలయాన్ని కుట్టడం ఒక్కటే చాలదు. అప్పుడు రెక్క ఎముకలోని ఒక చిన్న కొనను కత్తిరించి గిన్నె ముందరి అంచున అమరుస్తారు. ఫ్రాన్సు దేశపు వైద్యుడు మిషెల్ లతార్జే 1954లో ఈ పద్ధతిని వివరించాడు. వయసు పైబడినవారిలో వలయం పైభాగం చిరిగితే దానిని కుట్టడానికి బదులు అక్కడ మొదలయ్యే కండరపు తాడును విడదీసి భుజాస్థికి అతికించడం మేలని చాలామంది వైద్యులు భావిస్తున్నారు.

నునుపైన పొర దెబ్బతిన్నప్పుడు చికిత్స మరింత కఠినం. ఊడి కీలులో తిరుగుతున్న ముక్కలను తొలగిస్తారు. చిన్న గాయమైతే దాని అడుగున ఎముకకు సన్నని రంధ్రాలు చేసి, అక్కడికి చేరిన రక్తం వల్ల కొత్త పొర ఏర్పడేటట్లు చేస్తారు. ఆ కొత్త పొర పాతదానంత మన్నికైనది కాదు. కీలు పూర్తిగా అరిగిపోయిన వృద్ధులకు కృత్రిమ కీలు అమర్చవలసి వస్తుంది. యువకులకు అంతవరకు రాకుండా చూడటమే ఉత్తమ చికిత్స.

శస్త్రచికిత్సతోనే కథ ముగియదు. కుట్టిన వలయం ఎముకకు అతుక్కొనే వరకు, సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు, చేతిని పట్టీలో ఉంచాలి. ఆపైన వ్యాయామం తిరిగి మొదటి దశ నుండి ప్రారంభమవుతుంది. బలంగా ఢీకొనే ఆటలకు, విసిరే ఆటలకు తిరిగి వెళ్లడానికి సుమారు ఆరు నెలలు, ఒక్కొక్కసారి అంతకంటె ఎక్కువ కాలం పడుతుంది. భారత క్రికెట్ జట్టు మాజీ వికెట్ కీపర్ వృద్ధిమాన్ సాహా అనుభవం ఇందుకు నిదర్శనం. ఆయన 2018లో హైదరాబాదు జట్టు తరఫున ఐపీఎల్ ఆడాడు. కుడి భుజంలోని లేబ్రమ్ చిరుగుకు అదే సంవత్సరం ఆగస్టులో ఇంగ్లండులోని మాంచెస్టరు నగరంలో శస్త్రచికిత్స జరిగింది. 2019 తొలి నెలల్లో ఆయన దేశవాళీ పోటీలలో తిరిగి ఆడాడు. టెస్టు మ్యాచ్‌లో మరల వికెట్ల వెనుక నిలిచింది మాత్రం 2019 అక్టోబరులో, విశాఖపట్నంలో దక్షిణాఫ్రికాతో జరిగిన పోటీలో. 2018 జనవరి తరువాత ఆయన ఆడిన మొదటి టెస్టు అదే. అన్ని సౌకర్యాలు అందుబాటులో ఉన్న ఆటగానికే ఇంత ఓర్పు అవసరమైతే సామాన్య విద్యార్థికి ఎంత అవసరమో ఊహించవచ్చు.

నివారణ

ఈ గాయాలన్నింటినీ నివారించలేము. కాని కొన్నింటిని తప్పక నివారించవచ్చు. ఆటకు ముందు శరీరాన్ని వేడెక్కించే వ్యాయామాలు చేయాలి. విసిరే బంతుల సంఖ్యను, ఎత్తే బరువును ఒక్కసారిగా పెంచకుండా వారం వారం కొద్దికొద్దిగా పెంచాలి. అద్దంలో కనిపించే ఛాతీ కండరాలనే పెంచి, కనిపించని వీపు కండరాలను విస్మరించడం జిమ్‌కు వెళ్లే యువకులలో సాధారణంగా కనిపించే లోపం. ముందరి కండరాలకు దీటుగా వెనుక కండరాలు బలపడకపోతే భుజం సమతూకం తప్పుతుంది. పడిపోయేటప్పుడు చేయి చాచకుండా ఒరిగి దొర్లడం శిక్షకుల వద్ద నేర్చుకోవలసిన విద్య. బస్సు మెట్టు మీద వేలాడుతూ ప్రయాణించడం ప్రాణానికే గాక భుజానికి కూడా ముప్పు.

వీటన్నింటికంటె ముఖ్యమైనది నొప్పిని దాచకపోవడం. జిల్లా జట్టు ఎంపికలు దగ్గర పడినప్పుడు క్రీడాకారుడు తన బాధను శిక్షకునికి చెప్పడు. చెబితే జట్టులో చోటు పోతుందని అతని భయం. ఆటలే మాన్పిస్తారేమోనని ఆడపిల్లలు ఇంట్లో చెప్పరు. ఒకనాడు కూలి పోతుందని హమాలీ చెప్పడు. ఈ మౌనానికి కారణాలు వేరైనా ఫలితం ఒక్కటే. మొదటి వారంలో చెప్పి ఉంటే విశ్రాంతితో, వ్యాయామంతో నయమయ్యే గాయం రెండేళ్ల తరువాత శస్త్రచికిత్సకు కూడా పూర్తిగా లొంగకపోవచ్చు. ఒక పోటీకి దూరమైనవాడు మరుసటి సంవత్సరం ఆడగలడు. కీలు అరిగిపోయినవాడు ఆటకే గాక, చేతితో చేసే అనేక పనులకు దూరమవుతాడు.

ఇందులో శిక్షకులకు, తల్లిదండ్రులకు, అధ్యాపకులకు కూడా బాధ్యత ఉంది. ‘మగవాడికి ఆ మాత్రం నొప్పి ఒక లెక్కా’ అని ఎగతాళి చేసే చోట ఎవరూ నిజం చెప్పరు. బాధను చెప్పిన విద్యార్థిని పిరికివాడిగా చూడక, తన శరీరాన్ని తెలుసుకొన్నవాడిగా గుర్తించి భుజం తట్టాలి. గాయపడినవారికి జట్టులో చోటు పోదన్న భరోసా కలిగించగలిగితే సగం చికిత్స జరిగినట్లే.

చుట్టకుదురు చాలా చిన్న వస్తువు. నిండుకుండను మెచ్చుకొనేవారు దానిని చూడనైనా చూడరు. అది చెదిరినప్పుడు ఒరిగేది మాత్రం కుండే. గిన్నె అంచున కంటికి కనిపించక పని చేసే మృదులాస్థి వలయమూ అటువంటిదే. అది చెదరకుండా కాపాడుకోవడం, చెదిరిందన్న అనుమానం రాగానే నోరు విప్పి చెప్పడం ముందుముందు ఎన్నో బరువులను భుజాన వేసుకోవలసిన యువత నేర్చుకోవలసిన తొలి జాగ్రత్త.